మూడు సేవలు, ఒకే బిల్లు: బీఎస్‌ఎస్ మాటలకు ప్రతిపదార్థం

ఈ వ్యాఖ్యానానికి మూలవాక్యం ఇది: "టెలికాం ఆపరేటరు తన వ్యాపారానికి తగిన బిజినెస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌ను, స్పెషలిస్టు వెండర్లను పోల్చి ఎంచుకోవాలి." టెండరు కాగితాల్లో ఇలాంటి వాక్యాన్ని ఎవరూ ఆగి చదవరు. అందులోని ప్రతి మాటకూ కనీసం రెండు అర్థాలున్నాయి. కొనేవారు ఒక అర్థంలో అడుగుతారు, అమ్మేవారు మరో అర్థంలో "ఉంది" అంటారు. తేడా మొదటి బిల్లు ఇంటికి చేరాక బయటపడుతుంది. అప్పటికి ఒప్పందం మీద సంతకాలైపోయి ఉంటాయి. కాబట్టి మాట వెంట మాటగా చూద్దాం.

ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2017 డిసెంబరు 27న అమరావతిలోని వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్, అంటే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ, కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను మూడూ ఒకే కనెక్షన్‌లో ఇస్తామంది. ఆ ధర తర్వాత మారింది. అది తెచ్చిన లెక్కల చిక్కు మాత్రం మారలేదు: ఇల్లు ఒకటి, సేవలు మూడు, వాటిపై నిబంధనలు వేరువేరు, వచ్చిన రూపాయికి వాటాదారులు పలువురు. ఏ వెండరు సరుకునైనా పరీక్షించడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు కనబడదు. ఫైబర్‌నెట్ ఏ సాఫ్ట్‌వేర్ కొన్నదన్నది ఇక్కడ విషయం కాదు. అలాంటి సంస్థ ఏమడగాలన్నదే విషయం.

ఆపరేటరు. టెలికాం లైసెన్సు తీసుకుని చందాదారుకు సేవ అమ్మే సంస్థ. బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో, వొడాఫోన్ ఐడియా ఈ అర్థంలో ఆపరేటర్లు. లైసెన్సు వర్తించే ప్రాంతాన్ని సర్కిల్ అంటారు. రాష్ట్రం విడిపోయినా మొబైల్ లైసెన్సుల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపే. పన్ను హద్దు అలా కాదు. జీఎస్టీలో గుంటూరు చందాదారుది ఒక రాష్ట్రం, వరంగల్ చందాదారుది మరో రాష్ట్రం. అంటే ఒకే సర్కిల్ కింద రెండు రాష్ట్రాల పన్ను ఖాతాలు నడవాలి. సర్కిల్‌నూ రాష్ట్రాన్నీ ఒకే గడిలో నింపే సాఫ్ట్‌వేర్ ఇక్కడ తొలి నెలలోనే పన్నును తప్పు ఖాతాకు పంపుతుంది. వెండరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇంత చిన్నది.

తుళ్లూరులోనో సత్తెనపల్లిలోనో "ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి" అంటే అర్థం వేరు. అక్కడ ఆపరేటరంటే కేబుల్ ఆపరేటర్, కాగితాల భాషలో ఎల్‌సీఓ. ఆయన 1995 నాటి కేబుల్ టీవీ చట్టం కింద నమోదైన మనిషి. ఆయన పైన ఎంఎస్‌ఓ, అంటే చానళ్లను తెచ్చి ఎల్‌సీఓలకు అందించే సంస్థ. బీఎస్‌ఎస్ వెండరు దృష్టిలో ఎల్‌సీఓ ఆపరేటరు కాదు, పార్టనరు. కానీ ఇంటివాళ్లకు కనెక్షన్ ఇచ్చేదీ, తీగ తెగితే అతికేదీ, నెల డబ్బులు వసూలు చేసేదీ ఆయనే. ఒప్పందం మొదటి పేజీలోనే ఈ రెండు అర్థాలనూ విడదీసి రాసుకోకపోతే తర్వాతి పేజీలన్నీ గందరగోళమే.

బిజినెస్ సపోర్ట్. బిజినెస్ సపోర్ట్ సిస్టమ్, పొట్టిగా బీఎస్‌ఎస్, అంటే చందాదారుతోనూ డబ్బుతోనూ సంబంధం ఉన్న పనులు చేసే సాఫ్ట్‌వేర్. దాని జంట ఓఎస్‌ఎస్, అంటే ఆపరేషన్స్ సపోర్ట్ సిస్టమ్. నెట్‌వర్క్‌తో సంబంధం ఉన్న పనులు దానివి. కొత్త కనెక్షన్ కోసం దరఖాస్తు తీసుకోవడం బీఎస్‌ఎస్ పని. ఆ ఇంటి ఫైబర్ మోడెమ్‌ను ఎక్స్ఛేంజి పరికరంలో నమోదు చేసి వేగం అమర్చడం ఓఎస్‌ఎస్ పని. ఈ రెండింటి మధ్య చేతులు మారే వస్తువు ఆర్డరు.

ఈ హద్దు దానంతటదే ఏర్పడింది కాదు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ సిబ్బంది సొంతంగా రాసుకున్న డాట్‌సాఫ్ట్ అనే ప్యాకేజీ ఉండేది. దరఖాస్తులు, బిల్లులు, ఫాల్టు రిపేరు, డైరెక్టరీ విచారణ అన్నీ అందులోనే. ఇవాళ్టి లెక్కలో సగం బీఎస్‌ఎస్, సగం ఓఎస్‌ఎస్. బయటి వెండరు లేకుండా, కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగి అవసరమెరిగి, మన సర్కిల్ వాళ్లే అంతటి పని చేశారు. ఈ రంగం గురించి తెలుగులో రాసేవారు ఆ పేరు మరవకూడదు. తర్వాత బీఎస్‌ఎన్‌ఎల్ సీడీఆర్ ప్రాజెక్టు చేపట్టి, దేశాన్ని నాలుగు జోన్లు చేసి, దక్షిణ జోన్ డేటా సెంటర్‌ను హైదరాబాద్‌లో పెట్టింది. సీడీఆర్ అంటే ఒక్కో కాల్‌కు పుట్టే వివరాల నమోదు: ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు. అంతకుముందు లోకల్ కాల్స్ బిల్లుకు ఎక్స్ఛేంజిలోని మీటరు రీడింగే ఆధారం. ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేయడమే లెక్క.

బీఎస్‌ఎస్‌కూ ఓఎస్‌ఎస్‌కూ మధ్య అతుకు ఎప్పుడు తెలుస్తుందంటే, తీగ తెగినప్పుడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి స్తంభాల మీది తీగ తెగి ఒక ఊరికి నాలుగు రోజులు సేవ ఆగిందనుకుందాం. తెగినట్టు పసిగట్టడం ఓఎస్‌ఎస్ పని. ఆ ఊళ్లోని ప్రతి చందాదారుకూ నాలుగు రోజుల గడువు పొడిగించడమో, ఆ మేరకు బిల్లు తగ్గించడమో బీఎస్‌ఎస్ పని. ఏ తీగ మీద ఏ ఇళ్లున్నాయో ఓఎస్‌ఎస్‌కు తెలుసు. ఏ ఇల్లు ఏ ప్యాకేజీలో ఉందో బీఎస్‌ఎస్‌కు తెలుసు. రెండూ మాట్లాడుకోకపోతే ఫిర్యాదు చేసినవారికి తగ్గింపు వస్తుంది, చేయనివారికి రాదు. వెండరు వచ్చి ప్రదర్శన ఇచ్చేటప్పుడు ఈ ఒక్క సందర్భాన్ని మొదటినుంచి చివరిదాకా చేసి చూపమనాలి.

సాఫ్ట్‌వేర్. ఈ మాటకు దిగువన ఎనిమిదో తొమ్మిదో విడి భాగాలున్నాయి. చందాదారు వివరాలూ ఫిర్యాదులూ చూసుకునే సీఆర్‌ఎం అందరికీ పరిచయమే కనుక దాన్ని వదిలేస్తాను. తికమక ఉన్నచోటే ఆగుదాం.

కేటలాగ్. అమ్మేవన్నీ ఒకేచోట నిర్వచించి పెట్టుకునే పట్టిక. దీన్ని టారిఫ్ కార్డు అనుకుంటారు. టారిఫ్ కార్డు చందాదారు చదవడానికి, కేటలాగ్ మిగతా భాగాలన్నీ చదవడానికి. అందులో మూడు మెట్లున్నాయి: సేవ ఏమిటి, ఏ కట్టగా అమ్ముతున్నాం, ధర ఎంత. 149 రూపాయల ప్యాకేజీ ఒక కట్ట. దాని కింద ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడు సేవలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 175 రూపాయల 82 పైసలు. ఈ 82 పైసలను ఏంచేయాలి, అంటే పై రూపాయికి సవరించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా అన్న నియమం కూడా ఎక్కడో ఒకచోట, ఒక్కచోటే రాసి ఉండాలి. రెండుచోట్ల ఉంటే లక్షల ఇళ్ల మీద పైసలు లక్షల రూపాయల తేడాగా మారతాయి.

కేటలాగ్ గట్టిదనం 2019 ఫిబ్రవరి 1న తేలింది. ఆ రోజు నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టీవీ టారిఫ్ విధానం అమలైంది. అప్పట్లో మొదటి 100 చానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు; ఆపైన డబ్బు చానళ్లకు విడివిడి ధర, ఏవి కావాలో చందాదారు ఇష్టం. అప్పటిదాకా ఊరికి మూడు నాలుగు ప్యాకేజీలు ఉండేవి. ఇప్పుడు ఇంటికో ప్యాకేజీ. ధరను కేటలాగ్‌లో అంకెగా పెట్టుకున్నవారు అంకెలు మార్చుకున్నారు. ధరను ప్రోగ్రాం లోపల రాసుకున్నవారు ప్రోగ్రామే తిరగరాసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే రెండు మాటలు విడదీయాలి. కాన్ఫిగరేషన్ అంటే ఉన్న మీటలను మన అవసరానికి తిప్పుకోవడం. మన ఉద్యోగే చేయగలడు. కస్టమైజేషన్ అంటే మనకోసం కొత్త ప్రోగ్రాం రాయడం. వెండరు మనిషి రావాలి, డబ్బు కట్టాలి, వెర్షన్ మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి. టెండరు జవాబుల్లో రెండింటికీ ఒకే టిక్కు పడుతుంది. "ఉంది" అన్న ప్రతి గడి పక్కన "ఎవరు చేస్తే ఉన్నట్టు?" అని మరో గడి గీయాలి.

మీడియేషన్, రేటింగ్, బిల్లింగ్. ఈ మూడింటినీ కలిపి "బిల్లింగ్ సాఫ్ట్‌వేర్" అనేస్తారు. గుంటూరు మిర్చి యార్డు ఎరిగినవారికి తేడా చెప్పడం తేలిక. టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కాటా వేసి ఎన్ని కిలోలో రాయడం ఒక పని. ఆ సరుకుకు క్వింటా ధర కట్టడం రెండో పని. కమీషన్, హమాలీ తీసేసి రైతు చేతికి ఎంత వస్తుందో చీటీ రాయడం మూడో పని. మీడియేషన్ కాటా, రేటింగ్ ధర, బిల్లింగ్ చీటీ. కాటాలో తప్పు జరిగితే ధర దాన్ని దిద్దలేదు.

కాస్త నిక్కచ్చిగా చెబితే, మీడియేషన్ అంటే నెట్‌వర్క్ పరికరాలు ఒక్కోటి ఒక్కో తీరున రాసే నమోదులను సేకరించి, రెండుసార్లు వచ్చినవాటిని ఏరేసి, ఒకే రూపానికి తేవడం. రేటింగ్ అంటే ఆ ప్రతి నమోదుకూ ధర కట్టడం. ధర దేన్ని బట్టి అన్నది కాలంతో మారింది. ఒకప్పుడు 0863 నుంచి ఢిల్లీకి చేసిన కాల్‌కు దూరాన్ని బట్టి పల్సు, అంటే ఒక యూనిట్‌గా లెక్కపడే సమయం, కురచయ్యేది. 2006 మార్చి 1న బీఎస్‌ఎన్‌ఎల్ వన్ ఇండియా ప్లాన్ వచ్చి దేశమంతా నిమిషానికి రూపాయి అన్నాక ఆ ప్లాన్‌లో దూరం లెక్కలోంచి పోయింది. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అన్నాక నిమిషం కూడా పోయింది. 61 సెకన్ల కాల్‌ను తీసుకోండి. నిమిషానికి 60 పైసల రేటులో రెండు పల్సులు పడి 120 పైసలు. సెకనుకు పైసా రేటులో 61 పైసలు. పైకి రెండు రేట్లూ ఒకటే. పల్సు నిడివి ఒక్కటే మారి బిల్లు దాదాపు సగమైంది.

బిల్లింగ్ అంటే ధర పడిన నమోదులను నెలకోసారి కూడి, అద్దె కలిపి, రాయితీ తీసి, పన్ను వేసి కాగితం తయారుచేయడం. నెల మధ్యలో ప్యాకేజీ మారితే దీని పస తెలుస్తుంది. నెలకు 300 రూపాయల ప్యాకేజీకి 30 రోజుల నెల మొదట్లోనే పన్నుతో 354 కట్టిన ఇల్లు, 11వ తేదీన 450 ప్యాకేజీకి మారిందనుకుందాం. మొదటి 10 రోజులకు రోజుకు 10 చొప్పున 100, తర్వాతి 20 రోజులకు రోజుకు 15 చొప్పున 300, మొత్తం 400, పన్ను 72, వెరసి 472. ముందే కట్టిన 354 పోను ఇంకా 118 ఇవ్వాలి. 11వ తేదీని పాత ప్యాకేజీలో వేయాలా, కొత్తదాంట్లోనా? 31 రోజుల నెలలో 30తో భాగించాలా, 31తోనా? వెండర్లు ఈ ప్రశ్నలకు వేర్వేరు జవాబులిస్తారు. ఏ జవాబైనా సరే, అది మన టారిఫ్ ప్రకటనలో రాసినదానితో సరిపోవాలి. బిల్లుల ఖచ్చితత్వంపై ట్రాయ్‌కి 2006 నుంచీ నియమావళి ఉంది, 2023లో దాన్ని కొత్తగా రాశారు. ఆడిటరు వచ్చి చూసేది ఈ లెక్కనే.

చార్జింగ్. రేటింగ్‌తో దీన్ని కలిపేయడం ఈ రంగంలో ఎక్కువగా జరిగే పొరపాటు. రేటింగ్ ధర చెబుతుంది. చార్జింగ్ ఆ ధరను బ్యాలెన్స్‌లోంచి తీస్తుంది, అదీ సేవ నడుస్తుండగానే. మన దేశంలో మొబైల్ కనెక్షన్లలో పదింట సుమారు తొమ్మిది ప్రీపెయిడ్. ప్రీపెయిడ్‌లో నెలాఖరు దాకా ఆగి లెక్క చూస్తే డబ్బు రాదు. అందుకే చార్జింగ్ వ్యవస్థ ముందుగా కొంత కోటాను కేటాయిస్తుంది: ఫలానా ఇన్ని ఎంబీలు వాడుకోనివ్వు, అయిపోతే మళ్లీ అడుగు, మిగిలితే తిరిగి జమచెయ్యి. ఈ సంభాషణ నెట్‌వర్క్‌కూ చార్జింగ్‌కూ మధ్య రోజంతా నడుస్తుంది. 5జీ ప్రమాణాల్లో ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ రెండింటికీ కలిపి ఒకే చార్జింగ్ విభాగాన్ని నిర్దేశించారు. "కన్వర్జెంట్" అని వెండర్లు అనే మాటకు అసలు అర్థం ఇది. కొందరు అదే మాటను ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఒకే బిల్లు అనే అర్థంలో వాడతారు. రెండూ వేరు. ఫైబర్ సంస్థకు కావలసింది రెండోది.

మరో తికమక: "అన్‌లిమిటెడ్" ప్యాకేజీలో నిర్ణీత జీబీలు దాటాక వేగం తగ్గడం చార్జింగ్ కాదు, పాలసీ కంట్రోల్. డబ్బు తీయడం ఒకటి, వేగాన్ని అదుపు చేయడం ఒకటి. వెండరు ధరపట్టికలో ఇవి తరచూ రెండు లైసెన్సులు.

కలెక్షన్. రావలసిన డబ్బు రాబట్టడం. పుస్తకాల్లో ఇది సూటిగా ఉంటుంది: బిల్లు, గడువు, గుర్తు చేసే సందేశం, కనెక్షన్ నిలిపివేత. మన పత్తి, మిర్చి పల్లెల్లో ఇది సూటిగా నడవదు. పత్తి తీతలు అక్టోబరు తర్వాత మొదలవుతాయి. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి వేసవి దాకా. డబ్బు చేతిలో ఆడేది ఆ నెలల్లోనే. మిగతా నెలల్లో కేబుల్ డబ్బులు "వచ్చే నెల కలిపి ఇస్తాం" అనడం మామూలే, ఎల్‌సీఓ సర్దుకోవడమూ మామూలే. ఆయన ఆపరేటరు దగ్గర ముందే కట్టిన వాలెట్ సొమ్ములోంచి ఆ ఇంటి నెలను నడిపిస్తాడు.

దీన్ని సాఫ్ట్‌వేర్ భాషలో పెడితే: వాడేవారు ఒకరు, కట్టేవారు మరొకరు, బాకీ పడింది ఆ కట్టినవారికి. ఇల్లు బాకీ పడింది ఎల్‌సీఓకు, ఆపరేటరుకు కాదు. కనుక మూడు పాత్రలు విడిగా ఉండాలి: సేవ పొందే వ్యక్తి, డబ్బు కట్టే ఖాతా, ఒప్పందం ఉన్న పక్షం. చందాదారూ ఖాతా ఒకటే అనుకుని కట్టిన సాఫ్ట్‌వేర్ ఎల్‌సీఓ ముందే కట్టిన ఇంటికి కూడా నిలిపివేత సందేశం పంపుతుంది. లేదా ఎల్‌సీఓ వాలెట్ ఖాళీ అయిన రాత్రి డబ్బులిచ్చిన ఇళ్లనూ ఆపేస్తుంది. నగరాల్లో కార్డుతో బిల్లు కట్టే చందాదారును మనసులో పెట్టుకుని తయారైన ఎన్నో పెద్ద ఉత్పత్తులకు ఈ పాత్రల విభజన కాగితం మీద ఉంటుంది. దాన్ని నడిపి చూపమంటే తెలుస్తుంది ఎంత లోతుగా ఉందో.

సెటిల్‌మెంట్. వచ్చిన డబ్బులో ఎవరి వాటా వారికి లెక్కకట్టి ఇవ్వడం. నా ఉద్దేశంలో మన ప్రాంతపు ఆపరేటరు వెండర్లను పోల్చేటప్పుడు అన్నింటికంటే ఎక్కువ మార్కులు వేయాల్సింది దీనికే. రంగురంగుల సీఆర్‌ఎం తెరలకు కాదు.

ఇందులో మూడు తెగలున్నాయి. మొదటిది ఇంటర్‌కనెక్ట్, అంటే ఒక ఆపరేటరు చందాదారు మరో ఆపరేటరు చందాదారుకు కాల్ చేస్తే చెల్లించేది. మొబైల్ కాల్స్‌కు ఇది నిమిషానికి 14 పైసలుగా ఉండి, 2017 అక్టోబరులో 6 పైసలై, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. లెక్క సున్నా అయినంత మాత్రాన లెక్కింపు ఆగదు, అంతర్జాతీయ కాల్స్ ఉన్నాయి.

రెండోది చానళ్ల యజమానులకు ఇచ్చేది. ఇది చందాదారుల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆ సంఖ్య నెలాఖరుది కాదు. ట్రాయ్ నిబంధన ప్రకారం నెలలో 7, 14, 21, 28 తేదీల సంఖ్యల సగటు. అంటే ఆ నాలుగు తేదీల్లో ఏ ఇంట్లో ఏ చానల్ నడుస్తోందో మార్చడానికి వీల్లేని నమోదు నిలవాలి. విదేశీ వెండర్ల ఉత్పత్తుల్లో ఈ లెక్క సిద్ధంగా ఉండడం అరుదు, విడిగా రాయించుకోవాలి.

మూడోది ఎంఎస్‌ఓకూ ఎల్‌సీఓకూ మధ్య. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం కుదరకపోతే నెట్‌వర్క్ రుసుమును 55:45గా పంచుకోవాలన్నది 2017 నిబంధన. 130 రూపాయలైతే ఎంఎస్‌ఓకు 71.50, ఎల్‌సీఓకు 58.50. ఇంతవరకు స్పష్టమే. తర్వాతి ప్రశ్నలే చిక్కు: వాటా పన్నుకు ముందా, తర్వాతా? రాయితీ ఇస్తే ఎవరి వాటాలోంచి? మూడు సేవలూ కలిపి ఒకే ధరకు అమ్మినప్పుడు ఆ ధరలో టీవీ భాగమెంత, ఇంటర్నెట్ భాగమెంత? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు లేకుండా ఏ వాటా లెక్కా సాగదు. ఆ విభజన సూత్రం కేటలాగ్‌లో ఉండాలి, సెటిల్‌మెంట్ దాన్ని చదువుకోవాలి. రెండూ వేర్వేరు ఉత్పత్తులైతే మధ్యలో ఒక ఎక్సెల్ పత్రం పుడుతుంది. ఆ పత్రం ఉన్న కంప్యూటరే సంస్థకు అసలు బిల్లింగ్ యంత్రమైపోతుంది.

ఆదాయమన్న మాట నిర్వచనం ఎంత దూరం పోతుందో 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. లైసెన్సు ఫీజు కట్టడానికి లెక్కలోకి తీసుకునే సవరించిన స్థూల ఆదాయంలో టెలికాం కాని ఆదాయాలు కూడా చేరతాయా లేదా అన్నదే వివాదం. చేరతాయంది కోర్టు. ఆపరేటర్ల మీద పడిన లైసెన్సు ఫీజు బాకీ సుమారు 92 వేల కోట్ల రూపాయలు. ప్రతి రాబడి పద్దుకూ ఇది ఏ తరగతి ఆదాయమో చెప్పే గుర్తు బీఎస్‌ఎస్‌లోనే పడాలి. పదేళ్ల తర్వాత తవ్వి తీయడం కుదరదు.

రెవెన్యూ అష్యూరెన్స్. అమ్మిన సేవకూ వసూలైన డబ్బుకూ మధ్య ఎక్కడ కారుతోందో పట్టుకోవడం. మోసాన్ని పట్టుకునే ఫ్రాడ్ మేనేజ్‌మెంట్ వేరు. మొదటిది మన లోపాన్ని వెతుకుతుంది, రెండోది ఎదుటివారి దురుద్దేశాన్ని.

స్పెషలిస్టు. ఈ మాటకు రెండు అర్థాలు. ఒకటి: టెలికాం బీఎస్‌ఎసే ప్రధాన వ్యాపారమైన కంపెనీ. ఆమ్‌డాక్స్, నెట్‌క్రాకర్, సీఎస్‌జీ, లండన్‌లోని సెరిలియన్, ఫిన్లాండ్‌లో పుట్టి బెంగళూరులో పెద్ద కేంద్రమున్న టెక్నోట్రీ, గురుగ్రామ్‌లోని కామ్వివా ఈ తెగ. ఒరాకిల్ ఈ తెగ కాదు, అది అన్ని రంగాలకూ అమ్ముతుంది. ఎరిక్సన్ కూడా కాదు, దాని ప్రధాన సరుకు నెట్‌వర్క్ పరికరాలు. రెండో అర్థం: బీఎస్‌ఎస్‌లో ఒక్క భాగంలోనే ఆరితేరిన కంపెనీ. బెంగళూరులోని సుబెక్స్ రెవెన్యూ అష్యూరెన్స్‌కు, మోసాల నివారణకు పేరుపడింది. హైదరాబాద్‌లోని మ్యాగ్నాక్వెస్ట్ కేబుల్, డీటీహెచ్, బ్రాడ్‌బ్యాండ్ చందాదారుల నిర్వహణను పట్టుకుంది. టెండరులో "స్పెషలిస్టు" అని రాసి ఊరుకుంటే ఇద్దరూ అర్హులే. కొనేవారికి కావలసింది మాత్రం ఒకరే.

వంశవృక్షం కూడా చూడాలి. ఆమ్‌డాక్స్ 1982లో ఇజ్రాయెల్‌లో టెలిఫోన్ డైరెక్టరీల సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది. 2020లో ఓపెనెట్‌ను కొంది. పోర్టల్ సాఫ్ట్‌వేర్ 2006లో ఒరాకిల్ చేతికొచ్చింది. మీడియేషన్‌లో పేరున్న ఇంటెక్‌ను 2010లో సీఎస్‌జీ కొంది. 2008లో ఎన్‌ఈసీ చేతిలోకి వెళ్లిన నెట్‌క్రాకర్, 2012లో కన్వర్జిస్ బిల్లింగ్ వ్యాపారాన్ని కలుపుకుంది. ఎరిక్సన్ 2012లో టెల్కార్డియాను తీసుకుంది. భారతి టెలిసాఫ్ట్‌గా పుట్టిన కామ్వివా ఇప్పుడు టెక్ మహీంద్రా గూటిలో ఉంది. అహ్మదాబాద్ ఎలైట్‌కోర్ 2015లో స్టెరిలైట్‌కు చేరింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "సూట్" అని ఒక పేరుతో అమ్మే సరుకు లోపల రెండు మూడు కంపెనీల పాత ఉత్పత్తులు పక్కపక్కన ఉండవచ్చు. అది తప్పు కాదు. కానీ కేటలాగ్ ఎన్ని ఉన్నాయని అడగాలి. ఒక్కటే ఉంటే సూట్, రెండుంటే అతుకు.

వెండరు. ఉత్పత్తి యజమాని. దాన్ని తెచ్చి అమర్చే సిస్టమ్ ఇంటిగ్రేటరు వేరు. బీఎస్‌ఎన్‌ఎల్ సీడీఆర్ ప్రాజెక్టులో టీసీఎస్, హెచ్‌సీఎల్ వంటివి రెండో పాత్రలో వచ్చాయి. 2004లో ఎయిర్‌టెల్ తన ఐటీ అంతటినీ ఐబీఎంకు అప్పగించడం మూడో రకం, నిర్వహణ కూడా వారిదే. రాత్రి బిల్లు రన్ ఆగిపోతే ఇంటిగ్రేటరు ఉత్పత్తిని చూపుతాడు, ఉత్పత్తివాడు అమరికను చూపుతాడు. బాధ్యత ఒక్క సంతకం కింద ఉండాలి.

పోల్చడం. ఒకే కొలతతో కొలవడం. వెండర్లు పంపే జాబితాలు కొలతలు కావు, అవి వారి మాట. కొలత అంటే పైన చెప్పిన సందర్భాలు: నాలుగు రోజుల అంతరాయం, 11వ తేదీ మార్పు, ఎల్‌సీఓ వాలెట్, 7-14-21-28 లెక్క, మూడు సేవల ధర విభజన. అందరికీ అదే డేటా ఇచ్చి, అదే రోజున, వచ్చిన జవాబును పైసలతో సహా రాసుకోవాలి. టీఎం ఫోరం అనే అంతర్జాతీయ సంఘం ఉమ్మడి ఏపీఐ ప్రమాణాలు, అంటే సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు, తయారుచేసింది; వాటికి తగ్గట్టున్నామని వెండర్లు పత్రం చూపుతారు. ఆ పత్రం తలుపు కొలత సరిపోయిందని చెబుతుంది, లోపల లెక్క సరైందని చెప్పదు.

ధర పోలికలో "యాక్టివ్ చందాదారు" అన్న మాట దగ్గర ఆగాలి. లైసెన్సు సాధారణంగా చందాదారుల సంఖ్య మీద కడతారు. పనులు లేని నెలల్లో ఇల్లు తాళం వేసి వలస వెళ్లిన కుటుంబం యాక్టివా, కాదా? నెలలో ఒక్కరోజు వాడినా యాక్టివేనా? పల్నాడులో ఈ తేడా చిన్నది కాదు. ప్రభుత్వ కొనుగోళ్లలో ఎల్-1 అంటే అర్హుల్లో తక్కువ ధర చెప్పినవారు. క్యూసీబీఎస్ అంటే నాణ్యతకూ ధరకూ విడివిడి మార్కులు వేసి కలపడం. బీఎస్‌ఎస్‌కు ఎల్-1 తగదు. మొదటి ఏడాది లైసెన్సు తక్కువగా చెప్పి, కస్టమైజేషన్‌లోనూ వార్షిక నిర్వహణలోనూ రాబట్టుకునే వీలు ఈ సరుకులో ఎక్కువ. అయిదేళ్ల మొత్తం ఖర్చును ఒకే వరుసలో రాయించాలి. కోట్ల చందాదారులున్న మొబైల్ ఆపరేటరుకు ఆమ్‌డాక్స్, నెట్‌క్రాకర్ స్థాయి అవసరం. లక్షల ఇళ్ల రాష్ట్ర ఫైబర్ సంస్థకు, సెటిల్‌మెంట్‌లోనూ ఎల్‌సీఓ వాలెట్‌లోనూ గట్టిగా ఉన్న మధ్యస్థ వెండరే మేలని నా తీర్మానం.

ఎంచుకోవాలి. మూలవాక్యంలో ఈ మాట ముగింపులా కనిపిస్తుంది. నిజానికి దీనిలో రెండు అర్థాలు దాగి ఉన్నాయి: పాతదాన్నుంచి కొత్తదానికి వెళ్లడం, ఏదో ఒక రోజు ఆ కొత్తదాన్నుంచి బయటికి రావడం.

మొదటిది డేటా వలస. పాత వ్యవస్థలో ఒకే మనిషి ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి, పొడి అక్షరంగా ఒకసారి మూడు పేర్లతో ఉంటాడు. చిరునామా "రామాలయం వెనక" అని ఉంటుంది. టీవీకి తండ్రి పేరు, ఇంటర్నెట్‌కు కొడుకు పేరు. ఇవన్నీ ఒకే ఇల్లని తేల్చకుండా ఒకే బిల్లు రాదు. తేల్చేది వెండరు కాదు, ఎల్‌సీఓనే అడగాలి. ఆ పనికి గడువూ డబ్బూ ఒప్పందంలోనే ఉండాలి. మార్పుకు ముందు కనీసం రెండు నెలలు పాత, కొత్త వ్యవస్థలు రెండింటిలోనూ బిల్లులు వేసి, ఇంటికి ఇల్లు పోల్చాలి. తేడా వచ్చిన ప్రతి బిల్లుకూ కారణం రాయాలి. కొన్నిచోట్ల తప్పు పాతదానిదే అని తేలుతుంది, అదీ రాయాలి.

రెండోది నిష్క్రమణ. ఒప్పందం ముగిశాక డేటా మనదేనని అందరూ రాస్తారు. ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ధర నియమాలతో కలిపా, ఉత్త అంకెలా అన్నది రాయరు. కాల్ వివరాల నమోదులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చింది, అంతకుముందు గడువు ఒక్క ఏడాదే. అంటే వెండరు వెళ్లిపోయిన రోజు నుంచి మరో రెండేళ్ల దాకా ఆ పాత నమోదులను తెరిచి చదవగలగాలి, అడిగిన అధికారికి చూపగలగాలి. వెండరు ఫార్మాట్‌లో మూసి ఉంచిన ఫైళ్లు ఉన్నా లేనట్టే. అందుకని నమోదులు అందరూ చదవగల రూపంలో నెలనెలా ఆపరేటరు సొంత నిల్వలోకి చేరాలని, అలా చేరినట్టు రసీదు ఉంటేనే ఆ నెల నిర్వహణ రుసుము చెల్లిస్తామని ఒప్పందంలో ఒక షరతు రాసుకోవాలి.